పాటువేళ లెక్క

నైట్ డ్యూటీ దిగి
భీమిలి బస్సెక్కి
జోడుగుళ్ళపాలెం దగ్గర దిగిపోతాను.
మా ఇల్లు ఇటు కాదు.
కండక్టర్ అడగడం మానేశాడు.

చెప్పులు చేత్తో పట్టుకుని
నాచు లేనిచోట అడుగేసుకుంటూ
మూడో బండ దాకా వెళ్తాను.
తుప్పురంగు రాయి. మధ్యమధ్య
ఎంత తుడిచినా పోని అయోడిన్ మరకలు.

నేను వెళ్ళేసరికి అక్కడ ఎవరూ ఉండరు.
ఉంటారు, నా నీడ పడేదాకా.
పడగానే బండ మీది చర్మమంతా
ఒక్కసారి జారి పగుళ్ళలోకి దూరిపోతుంది.

ఇక కూర్చోవాలి.
దగ్గొస్తే మింగాలి.
మోకాలు తిమ్మిరెక్కితే ఎక్కనివ్వాలి.
లంగరేసిన ఓడలు అయిదా ఆరా అని
తల తిప్పి చూడకూడదు.

మొదట రెండు కళ్ళు, కాడల మీద.
తర్వాత ఒక కాలు,
జ్వరం ఉందో లేదో చూసే చెయ్యిలా
రాతిని తాకి, వెనక్కి తీసుకుని, మళ్ళీ తాకి.
ఒక పీత వచ్చిందంటే
ఇరవై వస్తాయి.

రెండు డెక్కలతో మార్చి మార్చి
నాచు గీరి నోట్లో పెట్టుకుంటాయి.
ఎడమ ముద్ద, కుడి ముద్ద.
బస్సు తప్పిపోతుందన్నట్టు తింటాయి.
అల మీదపడితే రాతికి అంటుకుపోయి
అది వెళ్ళగానే
ఆపిన ముద్ద దగ్గరే మొదలుపెడతాయి.

అడ్డంగా నడుస్తాయని పేరు.
ఆర్నెల్లుగా చూస్తున్నాను కదా,
వెళ్ళాల్సిన చోటికి తిన్నగానే వెళ్తాయి.
మొహం మాత్రం భయం ఉన్న వైపు.
స్ట్రెచర్ పట్టుకుని నడిచేటప్పుడు నేనూ అంతే,
కాళ్ళు లిఫ్టు వైపు,
కళ్ళు పడుకున్న మనిషి వైపు.

చిన్న నోటుబుక్కు ఉంది నాకు.
తేదీ, పాటు ఎన్నింటికి, పీతలు ఎన్ని,
కాళ్ళు తక్కువైనవి ఎన్ని.
ఎవరూ అడగని చార్టు.
ఇవాళ రాశాను: ఇరవై మూడు. ఒకటి మృతి.

నీటిగుంట అంచున వెల్లకిలా ఉంది.
పది కాళ్ళూ ఉన్నాయి. కదలిక లేదు.
టైము కూడా రాయబోయాను,
ఆరూ పది.
తెల్లవారుజామున పద్నాలుగో మంచానికి రాసిన చెయ్యే ఇది,
నాలుగూ ఇరవై,
తవిటయ్య, యాభై ఎనిమిది,
కిటికీ తీయమ్మా అని రాత్రంతా అడిగినాయన.
తీశాను. దోమలొచ్చాయి.

"సచ్చిపోనాదని రాసీసినావేటి?"
వెనక మాసేనమ్మ.
రాతికి అతుక్కున్న ఆలిచిప్పలు ఊడబీకే ఇనప చువ్వ,
నడుముకి తడి సంచి.
రోజూ నన్ను చూస్తుంది, మాట్లాడదు.
వంగి ఆ పీతను తీసి నా ముక్కు దగ్గర పెట్టింది.

"వోసన సూడు. సచ్చినదైతే కంపు కొట్టదేటి?"

కొట్టలేదు. ఉప్పు, అంతే.
అరచేతిలో పెడితే బరువే లేదు.
వెనకవైపు సన్నటి చీలిక,
లోపల ఏమీ లేదు.
కళ్ళకు కూడా తొడుగులు,
వాటిలోంచి ఆకాశం కనిపించింది.

"సొక్కా ఇప్పీసి ఎలిపోనాది.
ఈ రాళ్ళ కిందే ఎక్కడో వుంతాది, మెత్తగా, వొణుక్కుంటా.
గట్టిపడీదాకా రాదు.
నువ్వెంత కూకున్నా రాదు."

ఇంకో బండ మీదికి పోయింది,
చువ్వ చప్పుడు, అల చప్పుడు.

తవిటయ్య విషయం ఆమెతో అనలేదు.
అది వేరు. అక్కడ నేను
నాడి పట్టుకుని చూశాను, రెండుసార్లు.
ఆ లెక్క తప్పదు.

ఈ లెక్క మాత్రం
'మృతి' కొట్టేసి పక్కన
'కనపడనివి: ఒకటి' అని రాశాను.
కాసేపాగి
ఆ 'ఒకటి' కూడా కొట్టేశాను.
ఎన్నో నాకేం తెలుసు?

పోటు మొదలైంది.
నీళ్ళు మొదటి బండ ఎక్కాయి.
గుల్ల ఎక్కడిది అక్కడే పెట్టి
లేచి నిలబడ్డాను, అంతే,
ఇరవై మూడూ మాయం.